భయం వేసిన రోజున సంతకం పెట్టకండి

నేను గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైర్ అయినదాన్ని. మా లూథరన్ సంఘంలో స్త్రీల సమాజం పనులు చూస్తుంటాను. పాస్టరమ్మను కాను, ప్రసంగాలు చెప్పే అలవాటు లేదు. కాకపోతే కౌంటర్ అవతల నిలబడ్డ మనిషి అవసరంతో వచ్చాడా, భయంతో వచ్చాడా అన్నది రెండు నిమిషాల్లో చెప్పగలను. అవసరంతో వచ్చినవాళ్ళు వడ్డీ ఎంత అని అడుగుతారు. భయంతో వచ్చినవాళ్ళు ఎంతసేపు పడుతుంది అని అడుగుతారు.

ఈ రెండో రకం వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. వాళ్ళేమీ తెలివితక్కువవాళ్ళు కారు. అందులో నాకు తెలిసిన విశ్వాసులు చాలామంది ఉన్నారు. పొద్దున ఇరవై మూడో కీర్తన చదువుకుని, మధ్యాహ్నానికి ఉన్న డిపాజిట్లన్నీ బ్రేక్ చేయడానికి వచ్చినవాళ్ళే.

ముందుగా ఒక సంగతి. భయపడితే విశ్వాసం లేనట్టేనని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. అందుకని భయాన్ని దాచుకుంటారు. నా అనుభవంలో దాచుకున్న భయమే ఎక్కువ నష్టం చేసింది. మోయాబీయులు, అమ్మోనీయులు దండెత్తి వస్తున్నారని విన్నప్పుడు యెహోషాపాతు రాజు భయపడ్డాడని 2 దినవృత్తాంతములు 20లో దాపరికం లేకుండా రాసి ఉంది. ఆయన ఆ భయంతోనే దేవుని దగ్గరకు వెళ్ళాడు, ఆ తర్వాతే సైన్యాన్ని కదిలించాడు. అపాయాన్ని ముందే చూసి దాక్కునేవాడు బుద్ధిమంతుడని సామెతల గ్రంథమే అంటుంది. కాబట్టి భయం మనసులోకి రాకుండా ఆపడం ఎలాగో నేను చెప్పబోవడం లేదు.

భయం మనతో రెండు మాటలంటుంది. ఒకటి, ప్రమాదం ఉంది అని. అది నిజమే కావచ్చు. రెండోది, ఇప్పుడే ఏదో ఒకటి చేసెయ్ అని. నేను చూసిన నష్టాలు చాలావరకు ఈ రెండో మాట విన్నందువల్ల వచ్చినవే.

గడువు ఎవరు పెట్టారు?

రిటైర్మెంట్‌కి కొద్ది నెలల ముందు ఒక మధ్యాహ్నం ఒక రిటైర్డ్ టీచర్ గారు బ్యాంకుకి వచ్చారు. ఆయన పెన్షన్ మా బ్రాంచిలోనే. వచ్చినప్పుడల్లా కూర్చుని, పిల్లల సంగతులు అడిగి, తర్వాతే పని చెప్పే మనిషి. ఆ రోజు కూర్చోలేదు. రెండు డిపాజిట్ బాండ్లు బల్ల మీద పెట్టి, "ఇవి క్లోజ్ చేసి ఈ ఖాతాకి ఆర్‌టీజీఎస్ చేయండమ్మా" అన్నారు. చొక్కా జేబులో ఫోను నిలబెట్టి ఉంది, కెమెరా బయటికి కనపడేలా. నాతో మాట్లాడుతున్నారే గానీ చూపంతా ఆ జేబు మీదే. బాండ్ల వెనక సంతకాలు ఇంటి దగ్గరే పెట్టేసి తెచ్చారు. ఖాతా ఎవరిదని అడిగితే "మా చుట్టాలబ్బాయిది" అన్నారు. పేరు చెప్పమంటే కాగితం చూసి చదివారు. చుట్టాల పిల్లాడి పేరు కాగితం చూసి చదివేవాళ్ళు ఉంటారా?

విత్‌డ్రాయల్ ఫారం వెనక "ఫోన్‌లో ఎవరన్నా వింటున్నారా?" అని రాసి ఆయన వైపు తిప్పాను. తల కదపకుండా కళ్ళతోనే అవునన్నారు. దాని కింద "ఎన్నింటిలోపు కట్టమన్నారు?" అని రాశాను. పెన్ను అందుకుని "4" అని రాశారు. చెయ్యి వణికి ఆ అంకె రెండుసార్లు దిద్దినట్టు పడింది.

"సంతకాలు సరిచూడాలి మాస్టారూ, టైమ్ పడుతుంది, కూర్చోండి" అని పైకి అన్నాను. అటెండర్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. మాస్టారి జేబులోంచి ఫోను నేనే తీసి కాల్ కట్ చేశాను. అది మళ్ళీ మళ్ళీ మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడుతున్నారు. అసలు కథ అప్పుడు బయటపడింది. ముంబైలో ఆయన ఆధార్ నంబరుతో డ్రగ్స్ పార్సిల్ దొరికిందట. సీబీఐ అధికారి అని చెప్పుకున్నవాడు ముందు రోజు సాయంత్రం నుంచి వీడియో కాల్‌లో కూర్చోబెట్టాడు. డబ్బంతా "పరిశీలన ఖాతా"కి పంపితే, తప్పు లేదని తేలాక తిరిగి ఇస్తామన్నాడు. భార్యకి చెబితే ఆమెను కూడా కేసులో ఇరికిస్తామన్నాడు.

నాలుగు దాటింది. ఏ పోలీసూ రాలేదు. మాస్టారు గోడ గడియారం వైపు చూసి, "అయితే నేను ఇంటికి వెళ్ళొచ్చా అమ్మా?" అని నన్ను అడిగారు, అదేదో నేనే పట్టుకుని ఉంచినట్టు.

ఇలా వీడియో కాల్‌లో బంధించి ఉంచడాన్నే డిజిటల్ అరెస్ట్ అంటున్నారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ మోసం గురించి చెబుతూ, ఆగండి, ఆలోచించండి, తర్వాత చర్య తీసుకోండి అన్నారు. ఏ దర్యాప్తు సంస్థా ఫోన్‌లో విచారణ చేసి డబ్బు కట్టించుకోదు. ఈ విషయం ఆ మాస్టారికీ తెలుసు. పేపర్లో చదివారు కూడా. తెలిసినా ఆ రోజు అక్కరకు రాలేదు.

ఆ మోసగాడు ఏం చేశాడో చూడండి. గడువు పెట్టాడు. నిద్రపోనివ్వలేదు. ఎవరికీ చెప్పనివ్వలేదు. ఈ మూడూ చేస్తే చదువుకున్న మనిషి చేత కూడా ఏ సంతకమైనా పెట్టించవచ్చని వాడికి తెలుసు. నన్ను ఆలోచనలో పడేసింది వాడి తెలివి కాదు. ఏ మోసగాడూ లేనప్పుడు కూడా మనకు మనమే ఈ మూడూ చేసుకుంటాం. బాబు ఉద్యోగం పోతుందని భయం వేస్తే, పిల్ల పెళ్ళి గురించి భయం వేస్తే, స్కాన్ రిపోర్టులో ఏదో ఉందని భయం వేస్తే, మనమే ఒక గడువు పెట్టుకుంటాం, రాత్రంతా మేలుకుంటాం, ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా దాస్తాం. అందుకని నేను చెప్పే పద్ధతి ఈ మూడింటినీ తిరగేయడమే.

ఏ నిర్ణయమైనా ఇప్పుడే తీసుకోవాలని అనిపించినప్పుడు, ఆ "ఇప్పుడే" ఎవరి నోటి నుంచి వచ్చిందో కాగితం మీద రాయండి. డాక్టర్ చెప్పారా, కోర్టు నోటీసులో తేదీ ఉందా, స్కూల్ ఫీజుకి ఆఖరి రోజా? లేక అమ్మేవాడు చెప్పాడా, పక్కింటావిడ అందా, ఎవరూ చెప్పకుండా మీ గుండె దడే చెప్పిందా?

2018 మొదట్లో మా బ్రాంచి ముందు జనం బారులు తీరారు. ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు వచ్చేసింది, బ్యాంకు మునిగితే మన డిపాజిట్లు తీసేసుకుంటారు అని వాట్సాప్ నిండా మెసేజీలు. మునిగిపోయే బ్యాంకుల సంగతి తేల్చడానికి తెచ్చిన ఆ బిల్లు 2017 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు, అంతే. చట్టం కాలేదు. 2018 ఆగస్టులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. ఈ మధ్యలో, ఏప్రిల్‌లో, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటీఎంల ముందు "నో క్యాష్" బోర్డులు వేలాడాయి. డబ్బు తీసి బీరువాలో పెట్టుకున్నవాళ్ళు వడ్డీ పోగొట్టుకున్నారు. అది చిన్న నష్టం. ఒకాయన మాత్రం ఇంట్లో డబ్బుంటే మరీ భయమని, వారం తిరక్కుండా దాన్ని తీసుకెళ్ళి స్థలం మీద పెట్టాడు. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించలేదు, లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) అడగలేదు. ఆ స్థలం మీద అన్నదమ్ముల తగాదా ఉందని రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది. ఒక భయం నుంచి తప్పించుకోబోయి ఇంకోదాంట్లో పడటం అంటే ఇదే. ఆయన గడువు ఎవరు పెట్టారంటే, ఎవరూ లేరు.

సౌలు ఏడో రోజు

1 సమూయేలు 13 ఒకసారి తీసి, మెల్లగా చదవండి. సౌలు రాజు గిల్గాలులో ఉన్నాడు. ఫిలిష్తీయులు మిక్మషులో దిగారు, సముద్రపు ఇసుక రేణువులంత మంది. ఇశ్రాయేలీయులు గుహల్లో, పొదల్లో, బండల చాటున దాక్కుంటున్నారు. తాను వచ్చి బలి అర్పిస్తాను, ఏడు రోజులు ఆగు అని సమూయేలు ప్రవక్త చెప్పాడు. సౌలు ఏడు రోజులూ ఆగాడు. ఇది మనం మర్చిపోతాం. ఆయన మొదటి రోజే తొందరపడ్డవాడు కాదు. ఏడో రోజున సమూయేలు కనపడలేదు, జనం చెదిరిపోతున్నారు, దాంతో దహనబలి తానే అర్పించాడు. అర్పించడం అయీ అవగానే సమూయేలు వచ్చాడు.

సమూయేలు నిలదీస్తే సౌలు చెప్పిన కారణాలు వినండి. జనం చెదిరిపోతున్నారు, నువ్వు సమయానికి రాలేదు, ఫిలిష్తీయులు కూడుకున్నారు. మూడూ వాస్తవాలే. ఒక్కటీ అబద్ధం కాదు. భయంలో తీసుకున్న నిర్ణయాలకు కారణాలు ఎప్పుడూ బలంగానే ఉంటాయి, లోన్ అప్లికేషన్లో రాసినట్టు చక్కగా ఉంటాయి. అందుకే మన కారణాలు సరిగ్గా ఉన్నాయి కదా అని ధైర్యపడకూడదు.

చివరికి సౌలు లెక్కపెడితే 600 మంది మిగిలారు. ఆ తర్వాతి అధ్యాయంలో సౌలు కొడుకు యోనాతాను, అతని ఆయుధాలు మోసే కుర్రవాడు, ఇద్దరే కొండెక్కి వెళితే ఫిలిష్తీయుల దండు కకావికలైంది. చెదిరిపోయినవాళ్ళు లేకుండానే గెలుపు మొదలైంది. సౌలు ఎవరిని పోగొట్టుకుంటానని భయపడ్డాడో, దానికి వాళ్ళ అవసరమే పడలేదు.

నిజంగా ఆగకూడని వేళలు

ఆగమన్నానని అన్నిటికీ ఆగకండి. గుండెల్లో నొప్పి వస్తే ప్రార్థన కూడిక పెట్టి కూర్చోవద్దు, 108కి ఫోన్ చేసి అంబులెన్స్‌లో ప్రార్థన చేసుకోండి. డబ్బు మోసగాళ్ళ ఖాతాలోకి వెళ్ళిపోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో ఎవరన్నా కొడుతుంటే సహించు, ప్రార్థించు అని చెప్పేవాళ్ళ మాట వినకుండా ముందు అక్కడి నుంచి బయటపడండి. దావీదు మీదికి సౌలు ఈటె విసిరినప్పుడు ఆయన ఆగి ఆలోచించలేదు, తప్పుకున్నాడు.

తేడా ఎలా తెలుసుకోవాలంటే, నేను చూసే గుర్తు ఒకటుంది. చేసిన పనిని రేపు వెనక్కి తీసుకోగలమా? ఆస్పత్రికి వెళ్ళి గ్యాస్ నొప్పి అని తేలితే ఇంటికి తిరిగి రావచ్చు. స్థలం అమ్మేస్తే, ఉద్యోగానికి రాజీనామా ఇస్తే, పిల్లకి సంబంధం ఖాయం చేస్తే, అప్పుకి హామీ సంతకం పెడితే వెనక్కి రావడం కష్టం. అలాంటివి భయం వేసిన రోజున చేయకూడదు. డబ్బు అవసరం నిజంగానే ఉంటే డిపాజిట్ బ్రేక్ చేయకుండా దాని మీద అప్పు తీసుకోండి. చాలా బ్యాంకులు డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తాయి. భయం తగ్గాక కట్టేయొచ్చు, డిపాజిట్ అలాగే ఉంటుంది. భయంలో ఉన్న మనిషికి ఇలాంటి మధ్యదారి కనపడదు. అంతా ఇవ్వడం లేకపోతే అంతా పోవడం, ఈ రెండే కనపడతాయి.

తినండి, పడుకోండి

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు, చేయడమే. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా, యెజెబెలు రాణి చంపిస్తానని పంపిన ఒక్క కబురుకి ప్రాణం కోసం పరుగెత్తి, బెయేర్షెబా దాటి అరణ్యంలోకి పోయి చచ్చిపోతానన్నాడు. దేవుడు ఆయనకి వెంటనే బోధ చేయలేదు. దూత వచ్చి లేపి, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి, మళ్ళీ తినమన్నాడు. "ఏలీయా, ఇక్కడ నీకేమి పని?" అన్న ప్రశ్న ఆ తర్వాత ఎప్పటికో హోరేబులో వచ్చింది.

అపొస్తలుల కార్యములు 27లో ఓడ తుపానులో పడ్డప్పుడు అందులో 276 మంది ఉన్నారు. 14 రోజులుగా సరిగ్గా తిండి లేదు. నావికులు రాత్రివేళ నాలుగు లంగర్లు దించి ఎప్పుడు తెల్లవారుతుందా అని ఎదురుచూశారు. అంతవరకు మంచి పనే. తర్వాత వాళ్ళలోనే కొందరు లంగర్లు వేస్తున్నట్టు నటించి చిన్న పడవ దించుకుని పారిపోబోయారు. పౌలు వాళ్ళను ఆపించి, తెల్లవారుతుండగా అందరినీ బతిమాలి అన్నం తినమన్నాడు. తానే ముందు రొట్టె తీసుకుని, దేవునికి కృతజ్ఞత చెప్పి తిన్నాడు. అది చూసి మిగతావాళ్ళకి ధైర్యం వచ్చి తిన్నారు.

మీ ఇంట్లో ఎవరన్నా భయంతో ఏదో చేయబోతుంటే వాదించకండి. ముందు పెరుగన్నం కలిపి పెట్టండి. నిద్ర పట్టకపోయినా లైటు ఆర్పి పడుకోబెట్టండి. రాత్రి పది దాటాక డబ్బు గురించి, పిల్లల గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదని మా ఇంట్లో ఒక నియమం. మా ఆయనకి ఇది నచ్చదు, కానీ పాటిస్తారు.

ఎవరికి చెప్పాలి, ఎవరికి కూడదు

దావీదు అంత విశ్వాసికి కూడా ఒక చెడ్డ రోజు వచ్చింది. 1 సమూయేలు 27 మొదటి వచనంలో, ఏదో ఒక రోజు సౌలు చేతిలో చచ్చిపోతాను, ఫిలిష్తీయుల దేశానికి పారిపోవడం కంటే మంచిది లేదు అని తన మనసులో అనుకున్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు. దేవుని దగ్గర విచారించినట్టూ అక్కడ కనపడదు. అంతకుముందు కెయీలా అనే ఊరిని కాపాడే విషయంలో తన మనుషులు భయపడితే రెండుసార్లు దేవుని అడిగిన మనిషే ఈయన. ఈసారి అడగకుండా గాతు రాజు ఆకీషు దగ్గరికి పోయాడు. సౌలు వెతకడం మానేశాడు, అంటే ఆ పథకం పనిచేసింది! కానీ ఏడాది నాలుగు నెలలు అక్కడ ఉండి, రోజూ ఆకీషుకి అబద్ధాలు చెప్పి, చివరికి తన సొంత జనం మీదికే యుద్ధానికి బయల్దేరాల్సిన స్థితికి వచ్చాడు. భయంతో చేసిన పని ఒక్కోసారి ఫలిస్తుంది కూడా. దాని ఖర్చు తర్వాత వాయిదాల మీద కట్టాల్సి వస్తుంది.

కాబట్టి మనసులోనే అనుకుని మనసులోనే తేల్చేయకండి. ఒక మనిషికి చెప్పండి. ఆ మనిషిని ఎంచుకోవడంలోనే ఉంది అంతా. ఆ విషయంలో మీలాగే భయపడుతున్నవాళ్ళు వద్దు. ఇద్దరు భయస్థులు కలిస్తే భయం పెరుగుతుంది. మీ నిర్ణయం వల్ల లాభం వచ్చేవాళ్ళు వద్దు, వాళ్ళు సొంత తమ్ముడైనా సరే. మీకు కాదు అని చెప్పిన అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. మా స్త్రీల సమాజంలో ఒక అక్క ఉంది, ఏం చెప్పినా "ఎందుకు? రేపు చేస్తే ఏమవుతుంది?" అంటుంది. ప్రార్థన గొప్పగా చేయదు. కానీ ఆమె దగ్గరికి వెళ్ళినవాళ్ళు తొందరపడి మునిగింది నేను చూడలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. భయంలో ఉన్నప్పుడు దర్శనం చెప్పేవాళ్ళ దగ్గరికి పరుగెత్తకండి. "మీ ఇంటి మీద మరణపు నీడ కనపడుతోంది, ఈ నెలలోపు విత్తన కానుక (ఆశీర్వాదం పండాలని ముందే వేసే డబ్బు) వేయండి" అనే మాటకీ, మాస్టారి ఫోన్‌లో వచ్చిన మాటకీ తేడా ఏముంది? అదే ముప్పు, అదే గడువు, అదే ఖాతా నంబరు. యెరూషలేము గోడ తిరిగి కట్టిస్తున్న నెహెమ్యాకి కూడా ఒక ప్రవక్త ఇలాగే చెప్పాడు. షెమయా అనేవాడు, రాత్రికి నిన్ను చంపడానికి వస్తున్నారు, మందిరంలోకి పోయి తలుపులు వేసుకుందాం అన్నాడు. నెహెమ్యా ఒప్పుకోలేదు. తన శత్రువులు టోబీయా, సన్బల్లటు డబ్బిచ్చి అతని చేత ఆ ప్రవచనం చెప్పించారని, తనను భయపెట్టి తప్పు చేయించడానికే అలా చేశారని గ్రహించాడు. దేవుని పేరు మీద చెప్పినంత మాత్రాన భయం దేవుని దగ్గర నుంచి వచ్చినట్టు కాదు. మందిరంలో దాక్కోవడం చూడటానికి ఎంత భక్తిగా ఉందో గమనించండి.

నలుగురి భయం

మనుషులేమనుకుంటారో అన్న భయం మన ఇళ్ళలో ఎక్కువగా ఆడపిల్లల మీద పడుతుంది. అమ్మాయి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోందని ఒక మాట వినపడగానే, డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లకి నెలలోపు సంబంధం చూసేస్తారు. వాళ్ళూ మన సంఘంవాళ్ళేనా, పేరు మోసిన కుటుంబమా, అంతే. అబ్బాయి తాగుతాడా, ఉద్యోగం నిజమేనా అని ఆఫీసుకి ఒక్క ఫోన్ కూడా చేయరు.

మా సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుళ్ళో ప్రకటన చదువుతారు. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయండి అని. భయంతో వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగేది ఈ ప్రకటనలు తగ్గించమనే. పెద్దలు ఎవరో ఎందుకు పెట్టారో గానీ, ఆ మూడు ఆదివారాలు చాలా మందిని కాపాడాయి. మీ ఇంట్లోనూ అలాంటి ఆలస్యం ఒకటి ముందే పెట్టుకోండి. సంబంధమైతే ఇన్ని వారాలు, స్థలమైతే ఈసీ చేతికొచ్చి వకీలు చూసేదాకా, రాజీనామా అయితే రెండు ఆదివారాలు దాటేదాకా. భయం లేని రోజున పెట్టుకున్న నియమమే భయం వేసిన రోజున పనికొస్తుంది.

జనులకు భయపడి వాళ్ళ మాట విన్నానని సౌలు రెండేళ్ళ పిల్లాడిలా ఒప్పుకున్నది 1 సమూయేలు 15:24లో ఉంది. రాజుకి జనమంటే భయం, మనకి వదినగారంటే భయం. "భయపడుటవలన మనుష్యులకు ఉరి వచ్చును" అన్న సామెత నాకు ఇలాంటి పెళ్ళి పందిళ్ళలోనే గుర్తొస్తుంది.

ప్రార్థన ఎలా చేయాలి

భయంలో చేసే ప్రార్థన చాలాసార్లు ప్రార్థన కాదు, అప్పటికే తీసుకున్న నిర్ణయానికి ముద్ర వేయించుకోవడం. సౌలు సంగతే చూడండి. 1 సమూయేలు 14లో యాజకుణ్ణి పిలిచి దేవుని దగ్గర విచారించడం మొదలుపెట్టాడు. ఇంతలో ఫిలిష్తీయుల దండులో అల్లరి ఎక్కువైంది. వెంటనే యాజకుడితో నీ చెయ్యి వెనక్కి తీసుకో అన్నాడు. ప్రార్థన మధ్యలో ఆపేశాడు. ఆ రోజే ఇంకో తొందర పని చేశాడు. సాయంత్రం లోపు ఎవరన్నా భోజనం చేస్తే శాపం అని జనం చేత ఒట్టు పెట్టించాడు. సైన్యం సొమ్మసిల్లిపోయింది, ఆ ఒట్టు సంగతి తెలియక కొంచెం తేనె నాకినందుకు సొంత కొడుకు ప్రాణం మీదికి వచ్చింది.

కాబట్టి భయంలో మొక్కుకోకండి. ఈ గండం గట్టెక్కితే ఇల్లు అమ్మి ఇస్తాను, పిల్లాణ్ణి సేవకి ఇస్తాను అని నోరు జారవద్దు. యెఫ్తా మొక్కుబడి సొంత కూతురి మీదికి ఎలా వచ్చిందో న్యాయాధిపతులు 11లో చదివితే నిద్ర పట్టదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికి ఒక వచనం రాసిచ్చే కార్డు) చూసి స్థలం కొనడం, బైబిల్ కళ్ళు మూసుకుని తెరిచి వేలు పెట్టిన వచనాన్ని బట్టి ఆపరేషన్ వద్దనడం, ఇవి కూడా అదే కోవలోవి. వాగ్దానం కార్డు ఆదరణ కోసం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూపించడానికి కాదు.

హిజ్కియా పద్ధతి నాకు నచ్చుతుంది. అష్షూరు రాజు బెదిరింపు ఉత్తరం పంపితే, ఆయన దాన్ని చదివి, మందిరానికి తీసుకెళ్ళి దేవుని ముందు పరిచాడు. మీరూ అలాగే చేయండి. భయపెట్టిన కాగితాన్ని, నోటీసునో, రిపోర్టునో, ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌నో బల్ల మీద పెట్టండి. పక్కనే తెల్ల కాగితం మీద నాలుగు సంగతులు రాయండి. నాకు తెలిసింది ఏమిటి, నేను ఊహిస్తున్నది ఏమిటి, ఇవాళ ఏమీ చేయకపోతే రేపు ఏమవుతుంది, ఎవరిని అడగాలి.

ఒకసారి ఒకావిడ గాజులు తాకట్టు పెట్టడానికి వచ్చింది. అప్రైజర్ గీటురాయి మీద గాజు రుద్దుతుంటే ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ "ఎంతసేపు పడుతుంది మేడమ్?" అని మూడుసార్లు అడిగింది. కొడుకు లోన్ యాప్‌లో 9,000 తీసుకున్నాడు. ఇప్పుడు 60,000 కట్టకపోతే ఫోటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలందరికీ పంపుతామని బెదిరిస్తున్నారు. ఈ నాలుగు సంగతులూ ఆవిడ చేత వోచర్ వెనక రాయించాను. తెలిసింది ఒక్క లైనే ఉంది. ఊహించింది కాగితం నిండిపోయింది. ఇవాళ కట్టినా రేపు మళ్ళీ అడగరని ఏమిటి గ్యారంటీ అన్న చోట ఆవిడే పెన్ను ఆపింది. గాజులు తిరిగి వేసుకుని, కొడుకుని వెంటబెట్టుకుని సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇచ్చి వచ్చింది. చుట్టాలకి ముందే తనే ఫోన్ చేసి, ఇలాంటి ఫోటోలు వస్తే నమ్మకండి అని చెప్పుకుంది. ఆ ఫోన్లు చేయడానికి కావలసిన ధైర్యం 60,000 కట్టడానికి అక్కర్లేదు. ప్రార్థనలో అడగాల్సింది ఆ ధైర్యమే.

రాయడం అయ్యాక, ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రార్థించండి. మాటలు రాకపోతే యెహోషాపాతు మాటలే వాడుకోండి: "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు." ఏమీ తోచడం లేదని దేవుని ముందు ఒప్పుకున్నవాడికి ఇప్పుడే ఏదో ఒకటి చేయాలన్న ఆత్రం కొంచెం తగ్గుతుంది. తగ్గకపోతే ఆ రోజు నిర్ణయం లేదు, అంతే. "విశ్వసించువాడు కలవరపడడు" అన్న యెషయా మాట నేను ఇలాగే అర్థం చేసుకున్నాను. గుండె దడ లేకపోవడం అని కాదు, దడ ఉన్నా కాళ్ళు పరుగెత్తకపోవడం.

జరిగిపోయాక

అప్పటికే చేసేసి ఉంటే? డబ్బు పంపేశారు, సంతకం పెట్టేశారు, మాట ఇచ్చేశారు. అప్పుడు రెండో భయం మొదలవుతుంది, ఇంట్లో తెలిస్తే ఎలా అని. దాంతో మొదటిదాని కంటే పెద్ద తప్పు చేస్తారు. పోయింది పూడ్చడానికి అప్పు తెస్తారు.

దావీదు ఆకీషు దగ్గరి నుంచి తానుంటున్న సిక్లగుకి తిరిగి వచ్చేసరికి ఊరు కాలిపోయి ఉంది. అమాలేకీయులు భార్యల్ని, పిల్లల్ని పట్టుకుపోయారు. సొంత మనుషులే ఆయన్ని రాళ్ళతో కొట్టాలన్నారు. అంతకంటే తొందరపెట్టే పరిస్థితి ఏముంటుంది? ఆయన ఏడ్చే ఓపిక లేనంతగా ఏడ్చాడు, దేవునిలో ధైర్యం తెచ్చుకున్నాడు, ఆపై యాజకుడు అబ్యాతారుని పిలిచి, దేవుని దగ్గర విచారించడానికి ఏఫోదు (యాజకుడి వస్త్రం) తెమ్మన్నాడు. తరమాలా, తరిమితే దొరుకుతారా అని అడిగాడు. జవాబు వచ్చాకే కదిలాడు. అందరినీ వెనక్కి తెచ్చుకున్నాడు.

మీరు కూడా అదే వరుస పట్టండి. ముందు ఏడవండి. అదే రోజు భర్తకో భార్యకో పెద్ద పిల్లలకో చెప్పండి. మోసమైతే 1930, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు, బ్యాంకుకి కబురు. బేరమైతే వకీలు. పోయిందాన్ని రాబట్టే పేరుతో ఎవరికీ ఇంకో రూపాయి పంపవద్దు. పోయిన డబ్బు ఇప్పిస్తామంటూ వచ్చే రెండో ఫోన్ కూడా మోసగాళ్ళదే కావచ్చు.

ఇక మీ ఇంట్లోవాళ్ళు ఎవరన్నా వచ్చి ఇలా చేశానని చెబితే, "నేను ముందే చెప్పాను కదా" అనకండి. ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, కాగితాలేమున్నాయి అని అడిగి, ఫోన్ మీరే అందుకోండి. తిట్లు తర్వాత తిట్టుకోవచ్చు. మాస్టారి భార్య ఆ రోజు సాయంత్రం బ్యాంకుకి ఆటోలో వచ్చి, ఒక్క మాట అనకుండా ఆయన చేతిలోంచి ఆ డిపాజిట్ బాండ్లు తీసుకుని తన చేతి సంచిలో పెట్టుకుంది. ఇంటికెళ్ళాక ఏమందో నేను అడగలేదు.